రెండు వందల గజాల జాగ రెండు వందల యాభై ఎట్లయింది

హన్మకొండ చుట్టుపక్కల ఏ వెంచరుకు పోయినా 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ప్లాట్లు వరుసగా కనిపిస్తాయి. ఒక్కోటి 1800 చదరపుటడుగులు, అంటే 200 గజాలు. ఇది నోటి లెక్క. జవాబు ముందే తెలిసిన లెక్క కాబట్టే, ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో ఆటోలిస్ప్ (దాని లోపల ప్రోగ్రాంలు రాసుకునే లిస్ప్ రకం భాష) కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదట రాసి చూసుకోవాల్సిన ప్రోగ్రాం ఇదే: నాలుగు మూలల లిస్టు ఇస్తే వైశాల్యం చెప్పాలి.

కొత్తవాళ్ళ ప్రోగ్రాం దీనికి 250 అని చెప్పడం మామూలే. ఎర్రర్ రాదు, లోడ్ కాకపోవడం ఉండదు. యాభై గజాలు గాల్లోంచి పుడతాయి. అప్పుడు చేసే మొదటి పని బ్రాకెట్లు లెక్కపెట్టడం. రెండోది, లిస్టులు కట్టే ఫంక్షన్లలో కాన్స్ తీసి అపెండ్ పెట్టి చూడటం, అదీ కుదరకపోతే లిస్ట్ పెట్టి చూడటం. ఏదో ఒకసారి జవాబు కుదురుతుంది, ఎందుకు కుదిరిందో తెలియదు. వచ్చే వారం ఇంకో ప్రోగ్రాంలో మళ్ళీ అదే లొల్లి.

లిస్ప్‌లో కొత్తవాళ్ళను ఏడిపించేది బ్రాకెట్లు అనే మాట ఎంత పాతదో అంత తప్పు. బ్రాకెట్టు తక్కువైతే ఆటోక్యాడ్ లోడ్ చేసేటప్పుడే మాల్‌ఫార్మ్‌డ్ లిస్ట్ ఆన్ ఇన్‌పుట్ అంటుంది. ఎక్కువైతే ఎక్స్‌ట్రా రైట్ పేరెన్ అంటుంది. ఎడిటర్‌లో బ్రాకెట్టు పక్కన డబుల్ క్లిక్ చేస్తే దాని జత దాకా వెలుగుతుంది. రెండు నిమిషాల పని. లోడ్ అయి, నడిచి, తప్పు జవాబు చెప్పే ప్రోగ్రాంలో బ్రాకెట్ల లెక్క సరిపోయినట్టే. తప్పింది లిస్టు ఆకారం. అది కోడును ఎంతసేపు చూసినా కనపడదు, లిస్టును చూస్తే కనపడుతుంది.

ఒక మాట ముందే: కోడును ఇక్కడ తెలుగు అక్షరాల్లో, పలికినట్టు రాస్తున్నాను. కీబోర్డు మీద ఇంగ్లీషులోనే కొట్టాలి.

డబ్బా బొమ్మ

లిస్ప్ 1958లో జాన్ మెక్‌కార్తీ మొదలుపెట్టిన భాష. ఆటోక్యాడ్‌లోకి ఆటోలిస్ప్‌గా 1986లో వచ్చింది. కార్, సీడీఆర్ అనే వింత పేర్లు ఐబీఎం 704 అనే పాత మెషీన్‌లో రిజిస్టరు భాగాల పేర్ల నుంచి మిగిలిపోయినవి. వాటి అర్థం వెతుక్కోవడం దండగ. కార్ అంటే ఎడమ గది, సీడీఆర్ అంటే కుడి గది, అంతే గుర్తుంటే చాలు.

కాన్స్ చేసేది ఒక్కటే పని: రెండు గదుల డబ్బా తయారుచేస్తుంది. ఎడమ గదిలో ఏదైనా ఉండొచ్చు. కుడి గదిలో ఇంకో డబ్బాకు దారి ఉండి, ఆ దారి చివరికి నిల్‌తో (అంటే ఖాళీ, ఏమీ లేదు) ఆగితే దాన్ని లిస్టు అంటాం. కుడి గదిలో దారికి బదులు అంకెనో పదమో కూర్చుంటే అది చుక్క జత. (కాన్స్ 1 2) కొడితే (1 . 2) అని మధ్యలో చుక్కతో వస్తుంది. ఆ చుక్క అలంకారం కాదు, "ఇక్కడ దారి ఆగింది" అని ఆటోక్యాడ్ చెప్తున్న మాట.

మూల అంటే దాని ఎక్స్, వై అంకెల లిస్టు. ఇప్పుడు ఒక మూల, ఇంకో మూల ఉన్న లిస్టు తీసుకుని మూడు రకాలుగా కలపండి. కమాండ్ లైన్‌లో నేరుగా కొట్టొచ్చు.

(కాన్స్ '(5 7) '((15 7))) ఇచ్చేది ((5 7) (15 7))
(లిస్ట్ '(5 7) '((15 7))) ఇచ్చేది ((5 7) ((15 7)))
(అపెండ్ '(5 7) '((15 7))) ఇచ్చేది (5 7 (15 7))

మూల మీద మూల పేర్చింది మొదటిది మాత్రమే. రెండోదానిలో ఒక మూల అదనపు సంచిలో పడింది. మూడోదానిలో అపెండ్ మొదటి మూల గోడలు కూలగొట్టి 5ను, 7ను విడిగా బయట పారేసింది. అపెండ్ లిస్టులను అతుకుతుంది, వస్తువులను చేర్చదు. మూల కూడా ఒక లిస్టే కావడమే ఇక్కడి చిక్కు: అది వస్తువో లిస్టో అపెండ్‌కు తెలియదు, మీకే తెలియాలి. ఈ మూడు లైన్లను కాగితం మీద డబ్బాలుగా ఒక్కసారి గీసినవాళ్ళకు తర్వాత ఊహించి మార్చే పని పడదు. గీయకుండా బట్టీ పట్టినవాళ్ళకు ఆ పని ఒడవదు.

యాభై గజాలు

వైశాల్యం లెక్క తెలిసిందే. ఒక మూల ఎక్స్‌ను తర్వాతి మూల వైతో గుణించి, తర్వాతి మూల ఎక్స్‌ను ఈ మూల వైతో గుణించి తీసేయాలి. అన్ని భుజాలకూ అట్లా చేసి కూడి, సగం చేయాలి. కొత్తవాళ్ళు రాసేది దాదాపు ఇట్లా ఉంటుంది (సీఏడీఆర్ లిస్టులో రెండోదాన్ని, అంటే వైని, ఇస్తుంది; మ్యాప్‌కార్ రెండు లిస్టుల నుంచి ఒక్కో మూల తీసుకుంటూ లాంబ్డాలోని లెక్క చేస్తుంది; అప్లై వచ్చినవన్నీ కూడుతుంది):

(డిఫన్ వైశాల్యం (మూలలు)
  (/ (అప్లై '+
       (మ్యాప్‌కార్
         '(లాంబ్డా (ఎ బి)
            (- (* (కార్ ఎ) (సీఏడీఆర్ బి))
               (* (కార్ బి) (సీఏడీఆర్ ఎ))))
         మూలలు
         (సీడీఆర్ మూలలు)))
     2.0))

2.0 బదులు 2 రాయకండి. రెండు పూర్ణాంకాలైతే ఆటోలిస్ప్ 7ను 2తో భాగించి 3 అంటుంది.

దీనికి పరీక్షగా చాలామంది ఇచ్చే ప్లాటు ((0 0) (10 0) (10 20) (0 20)). గజాల్లో పది ఇరవై. జవాబు 200.0 వస్తుంది, సంబరం. కానీ ప్రోగ్రాం తప్పు. అదే ప్లాటును కాస్త జరిపి ((5 7) (15 7) (15 27) (5 27)) ఇవ్వండి. 250.0 వస్తుంది. జాగ జరిగితే వైశాల్యం పెరగదు కదా.

ఇక్కడ కోడు చదవడం ఆపి, మధ్యలో పుట్టిన లిస్టును చూడాలి. ప్రింక్ అనేది ఇచ్చినదాన్ని చూపించి, దాన్నే తిరిగి అప్పజెప్తుంది. కాబట్టి (మ్యాప్‌కార్ ...) చుట్టూ (ప్రింక్ ...) తొడిగితే ప్రోగ్రాం నడక మారదు, లోపలి లిస్టు మాత్రం తెర మీద పడుతుంది:

(-70 300 270)

నాలుగు భుజాల జాగకు మూడే అంకెలు. తప్పు దొరికినట్టే. మ్యాప్‌కార్‌కు నాలుగు మూలల లిస్టు ఒకటి, మొదటి మూల తీసేసిన మూడు మూలల లిస్టు ఒకటి ఇచ్చాం. పొట్టి లిస్టు అయిపోగానే అది చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. చివరి మూల నుంచి మొదటి మూలకు వచ్చే నాలుగో భుజం లెక్కలోకి రాలేదు. దాని విలువ -100, సగం చేస్తే యాభై గజాలు. మొదటి పరీక్షలో మొదటి మూల (0 0) కాబట్టి ఆ భుజం విలువ సున్నా, అందుకే తప్పు దాక్కుంది. సున్నాతో మొదలయ్యే ప్లాటుతో వైశాల్యం పరీక్షించడం, తాళం తీసి ఉన్న ఇంటి మీద తాళంచెవిని పరీక్షించినట్టు.

సరిచేయాలంటే రెండో లిస్టు చివర మొదటి మూలను చేర్చాలి. ఇక్కడే రెండో గుంట. (అపెండ్ (సీడీఆర్ మూలలు) (కార్ మూలలు)) అని రాస్తారు. పైన చూసిందే: మొదటి మూల గోడలు కూలి ((15 7) (15 27) (5 27) 5 7) వస్తుంది. నాలుగో జతలో బి అంటే 5. 5కు సీఏడీఆర్ ఉండదు కాబట్టి బ్యాడ్ ఆర్గ్యుమెంట్ టైప్ అని, పక్కన 5 అని వస్తుంది. ఆ 5 ఎవరో గుర్తుపట్టండి: మన మొదటి మూల ఎక్స్. ఎర్రర్ మాట చివర ఉండే విలువను చదవకుండా కిటికీ మూసేసేవాళ్ళు సగం జవాబును పారేస్తున్నట్టే. సరైన రూపం ఇది:

(అపెండ్ (సీడీఆర్ మూలలు) (లిస్ట్ (కార్ మూలలు)))

ఇప్పుడు లోపలి లిస్టు (-70 300 270 -100), జవాబు 200.0. మూలలు గడియారం తిరిగే దిక్కున ఉంటే జవాబు మైనస్‌లో వస్తుంది, ఏబీఎస్ పెడితే సరి.

ఇదంతా ఏరియా కమాండ్ కొడితే వచ్చేదే కదా అని ఒక మాట ఉంటుంది. ఒక ప్లాటుకు నిజమే, సరిచూసుకోవడానికి దానంత మంచిది లేదు. వెంచరులో నూటఎనభై ప్లాట్లకు గజాల పట్టిక కావాలంటే మాత్రం ప్రోగ్రాం రాయాల్సిందే. నెట్‌లో దొరికేవి దించుకోవచ్చు అంటారు. దించుకోండి. అది మీటర్లలో లెక్కపెట్టి, మీ డ్రాయింగు అడుగుల్లో ఉన్న రోజు లోపల ఏముందో విప్పి చూడక తప్పదు. గజానికి తొమ్మిది చదరపుటడుగులు, చదరపు మీటరుకు 1.196 గజాలు, గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు: ఈ మార్పిడి ఎక్కడ చేస్తున్నారో ఎవరి ప్రోగ్రాంలోనైనా ముందు చూడాల్సింది అదే.

నిల్ మౌనం

5కు కార్ అడిగితే ఆటోలిస్ప్ అరుస్తుంది. నిల్‌కు కార్ అడిగితే మాత్రం మౌనంగా నిల్ ఇస్తుంది. ఫలానా నంబరుదాన్ని ఇచ్చే ఎన్‌టీహెచ్‌తో నాలుగు మూలల లిస్టులో (ఎన్‌టీహెచ్ 4 మూలలు) అడిగినా అంతే, ఎందుకంటే లెక్క సున్నా నుంచి మొదలై 3తో అయిపోతుంది. రెండే అంకెలున్న మూలకు సీఏడీడీఆర్ (మూడోది) అడిగినా నిల్. ఈ నిల్ నాలుగైదు లైన్లు హాయిగా ప్రయాణం చేసి, ఎక్కడో కూడిక దగ్గర నంబర్‌పి: నిల్ అని బయటపడుతుంది. కాలు జారిన చోటు వేరు, పడ్డ చోటు వేరు. ఆ మాట కనపడితే కూడిక లైన్‌ను కాదు, కూడికలోకి వచ్చిన లిస్టు ఎక్కడ పొట్టిదయిందో చూడాలి.

ఎత్తు అంకె దగ్గర ఇది తరచూ జరుగుతుంది. లైన్ అనే వస్తువు చివరలు మూడు అంకెలతో ఉంటాయి. మామూలు పాలీలైన్ (మూలమూలకూ తిరిగే ఒకే గీత) మూలలు రెండే అంకెలతో ఉంటాయి, ఎత్తు విడిగా 38 అనే కోడు (డ్రాయింగు డేటాలో ఏ విలువ ఏదో చెప్పే నంబరు) కింద ఉంటుంది. ఒకదానికి రాసింది ఇంకోదానికి వాడితే ఎక్స్, వై బాగానే ఉంటాయి, ఎత్తు నిల్.

కొటేషన్ గుర్తు (లెక్కకట్టకుండా ఉన్నదున్నట్టు తీసుకో అని ముందు పెట్టేది) గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సెట్‌క్యూ ఒక పేరుకు విలువ ఇస్తుంది. (సెట్‌క్యూ పి (5 7)) అంటే 5ను ఫంక్షన్ అనుకుని బ్యాడ్ ఫంక్షన్: 5 అంటుంది. అది చూసి అలవాటుగా ప్రతిచోటా ఒంటి కొటేషన్ పెట్టడం మొదలవుతుంది. (సెట్‌క్యూ పి '(ఎక్స్ వై)) అంటే అంకెలు రావు, ఎక్స్, వై అనే పేర్లే డబ్బాలో కూర్చుంటాయి. అంకెలకు కొటేషన్, పేర్లకు (లిస్ట్ ఎక్స్ వై). పిని ఒక్కసారి తెర మీద చూస్తే అక్కడ అంకెలకు బదులు అక్షరాలు కనిపిస్తాయి, ఇక వెతకాల్సింది లేదు.

చూసేది కూడా మోసం చేసే చోటు

లిస్టును చూడండి అంటున్నాను కాబట్టి, ఆ చూపు మోసపోయే చోటు కూడా చెప్పాలి. వరంగల్ యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) 44వ జోన్‌లో పడుతుంది. సర్వే పరికరం టోటల్ స్టేషన్ నుంచి వచ్చే సీఎస్‌వీలో (కామాలతో విడదీసిన అంకెల ఫైలు) తూర్పు అంకె మూడున్నర లక్షల మీటర్ల దగ్గర, ఉత్తరం అంకె ఇరవై లక్షలకు కాస్త తక్కువగా ఉంటుంది. ఆటోలిస్ప్ దశాంశ సంఖ్యలను చూపించేటప్పుడు ఆరు అంకెల దగ్గర కోస్తుంది. 352123.456 తెర మీద 352123.0గా, 1987654.321 అయితే 1.98765ఇ+06గా కనిపిస్తుంది. మిల్లీమీటర్లు పోయాయని పరేషాన్ కావద్దు. లోపల విలువ చెక్కుచెదరలేదు, చూపు మాత్రమే కురచ. (ఆర్‌టాస్ వై 2 3) అంటే మూడు దశాంశాలతో పూర్తిగా కనిపిస్తుంది.

దీని రెండో వైపు ఇంకా చెడ్డది. అయిదు మీటర్ల ఎడంలో ఉన్న రెండు రాళ్ళ ఉత్తరం అంకెలు తెర మీద ఒకేలా కనిపించవచ్చు. ఒకటేనని తెర చెప్తుంది, లిస్టులో ఇది ఉందా అని చూసే మెంబర్ మాత్రం కాదంటుంది. మెంబర్ చెప్పేది నిజం. అసలు ఒకే రాయిని రెండుసార్లు కొలిస్తే మిల్లీమీటరు తేడా వస్తుంది, అప్పుడు కూడా మెంబర్ కాదనే అంటుంది. మూలలను పోల్చడానికి = వాడకండి, అది లిస్టుల లోపలికి పోయి చూడదు. (ఈక్వల్ ఎ బి 0.001) అని ఓర్చుకునే తేడా ఎంతో చెప్పి అడగాలి.

సీఎస్‌వీ చదివేటప్పుడు ఇంకో దయ్యం పుడుతుంది. ఫైలు చివర ఖాళీ లైన్ ఉంటే రీడ్-లైన్ నిల్ ఇవ్వదు, ఖాళీ పదం ఇస్తుంది. పదాన్ని అంకెగా మార్చే అటాఫ్ ఖాళీ పదాన్ని 0.0 చేస్తుంది. మొదటి లైన్‌లో ఉండే శీర్షిక పదాలకూ అదే గతి. లిస్టులో (0.0 0.0) అనే మూల చేరి, పాలీలైన్ వరంగల్ నుంచి భూమధ్యరేఖ దాకా పరుగెత్తుతుంది. జూమ్ ఎక్స్‌టెంట్స్ కొడితే వెంచరు మొత్తం చుక్కయిపోతే ముందు ఇదే చూడండి. తూర్పు, ఉత్తరం నిలువు వరుసలు తారుమారైతే లేఅవుట్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. వైశాల్యం మాత్రం అంతే ఉంటుంది, కాబట్టి గజాల పట్టిక దాన్ని పట్టివ్వదు.

లిస్టు నిజంగానే బాగుండి గీత తప్పు చోటికి పోయే సందర్భం ఒకటుంది, అది లిస్ప్ తప్పు కాదు. ఆస్నాప్ (దగ్గరి బిందువుకు అతికించే సౌకర్యం) ఆన్‌లో ఉంటే కమాండ్ ద్వారా గీసే గీత పక్కనున్న చివరకు అతుక్కుంటుంది. దాని సెట్టింగు ఆస్‌మోడ్‌ను 0 చేసి గీసి, మళ్ళీ పాత విలువకు తేవాలి.

డ్రాయింగు లోపలి లిస్టులు

గీసిన వస్తువు డేటాను ఇచ్చే ఎంట్‌గెట్‌తో వచ్చే లిస్టును ఒక్క లైన్‌లో చూడకండి, కళ్ళు తిరుగుతాయి. (ఫర్‌ఈచ్ జత డేటా (ప్రింట్ జత)) కొట్టి ఎఫ్2 నొక్కితే ఒక్కో జత ఒక్కో లైన్‌లో వస్తుంది. లేయరు (8 . "రోడ్డు") అని చుక్కతో ఉంటుంది. మూల (10 5.0 7.0) అని చుక్క లేకుండా ఉంటుంది. రెండింటికీ సీడీఆర్ వాడాలి: మొదటిదానికి పేరు వస్తుంది, రెండోదానికి మూల మొత్తం లిస్టుగా వస్తుంది. లేయరుకు సీఏడీఆర్ వాడితే పదానికి కార్ అడిగినట్టు, ఎర్రర్ తప్పదు.

కోడును బట్టి జతను వెతికే అసోక్ మొదట దొరికినదాంతో ఆగిపోతుంది. పాలీలైన్‌లో 10 కోడు మూలకొకటి చొప్పున ఉంటుంది, కాబట్టి (అసోక్ 10 డేటా) మొదటి మూలనే ఇస్తుంది. అన్నీ కావాలంటే ఏరుకోవాలి:

(సెట్‌క్యూ మూలలు నిల్)
(ఫర్‌ఈచ్ జత డేటా
  (ఇఫ్ (= 10 (కార్ జత))
    (సెట్‌క్యూ మూలలు (కాన్స్ (సీడీఆర్ జత) మూలలు))))

సెట్‌క్యూ లేకుండా ఒట్టి (కాన్స్ ...) రాస్తే ఏమీ చేరదు. ఆటోలిస్ప్‌లో కాన్స్, అపెండ్, రివర్స్, సబ్‌స్ట్ ఏవీ ఉన్న లిస్టును మార్చవు, కొత్తది ఇస్తాయి. దాన్ని పట్టుకోకపోతే పోయినట్టే.

కాన్స్‌తో పేర్చడం బతుకమ్మ పేర్చినట్టే. తాంబాళంలో ముందు పెట్టిన తంగేడు అడుగున ఉంటుంది, చివర పెట్టింది పైకొస్తుంది. కార్ అడిగితే చేతికొచ్చేది పైది, అంటే ఆఖరి మూల. అందుకే ఏరడం అయ్యాక ఒకసారి రివర్స్ చేయాలి. చేయకపోయినా వైశాల్యం మారదు, అందుకే ఎవరూ గమనించరు. మూలలకు నంబర్లు వేసిన రోజు ఒకటి ఉండాల్సిన చోట నాలుగు పడుతుంది.

ఆ మొదటి లైన్, (సెట్‌క్యూ మూలలు నిల్), లేకపోతే ప్రోగ్రాం మొదటిసారి 200 అంటుంది, అదే ప్లాటు మీద రెండోసారి 400, మూడోసారి 600. పాత మూలలు లిస్టులో అట్లాగే ఉండి, వాటి మీద కొత్తవి చేరుతున్నాయి. డిఫన్ బ్రాకెట్లలో గీత తర్వాత, ( / మూలలు జత) అన్నట్టు, పేర్లు రాస్తే అవి ఆ ప్రోగ్రాంకే పరిమితమై ప్రతిసారీ ఖాళీగా మొదలవుతాయి. కాకపోతే ఆ పేర్లు బయటికి కనపడవు, కమాండ్ లైన్‌లో !మూలలు కొడితే నిల్ అంటుంది. అందుకని తప్పు వెతికేటప్పుడు పైన నిల్ లైన్ పెట్టుకుని పేర్లను బయటే ఉంచడం, అంతా కుదిరాక గీత తర్వాత చేర్చడం మంచి పద్ధతి. బ్రేక్‌పాయింట్లు, వాచ్ కిటికీలు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. కానీ ఆశ్చర్యార్థకం, ప్రింక్, టైప్ (విలువ ఏ రకమో చెప్పేది) ఈ మూడింటితో దొరకని లిస్టు తప్పు కొత్తవాళ్ళ ప్రోగ్రాంలో అరుదు.

ఇళ్ళ అనుమతుల డ్రాయింగుల్లో లేయర్ల పేర్లు పద్ధతిగా ఉండాలి కాబట్టి, లేయరు మార్చే ప్రోగ్రాం అందరూ రాస్తారు. (సబ్‌స్ట్ (కాన్స్ 8 "రోడ్డు") (అసోక్ 8 డేటా) డేటా) చేసి (సబ్‌స్ట్ పాత జత బదులు కొత్తది పెడుతుంది), వచ్చినదాన్ని డ్రాయింగులో మార్పు చేసే ఎంట్‌మాడ్‌కు ఇవ్వాలి. కాన్స్ బదులు లిస్ట్ వాడితే చుక్క పోతుంది, ఎంట్‌మాడ్ తీసుకోదు. ఇదే నమూనాతో 62 కోడు పెట్టి రంగు మార్చబోతే కొన్ని గీతలు మారతాయి, కొన్ని మారవు, ఎర్రర్ ఉండదు. మారని గీతల డేటాను ప్రింట్ చేసి చూడండి: వాటిలో 62 జతే లేదు. రంగు లేయరు నుంచి వస్తుంటే ఆటోక్యాడ్ ఆ జతను రాయదు. అసోక్ నిల్ ఇచ్చింది, నిల్ బదులు పెట్టడానికి లిస్టులో నిల్ అనే జత లేదు, సబ్‌స్ట్ ఉన్నదాన్నే తిరిగిచ్చింది. అట్లాంటప్పుడు (అపెండ్ డేటా (లిస్ట్ (కాన్స్ 62 1))) అని చివర చేర్చి ఎంట్‌మాడ్‌కు ఇస్తే గీత ఎర్రబడుతుంది. అక్కడ లిస్ట్ మరిచిపోతే డేటా చివర 62 . 1 అని చుక్కతో తోక తేలుతుంది, (వీఎల్-లిస్ట్-లెంగ్త్ ...) అడిగితే పొడవు చెప్పకుండా నిల్ అంటుంది.